క్లౌడ్ యుగంలో విపత్తు పునరుద్ధరణ ప్రణాళిక: ఒక చారిత్రక పరిశీలన

7.0 లక్ష్యాలు

ఈ భాగాన్ని చదివిన తరవాత మీరు:
• విపత్తు పునరుద్ధరణ ప్రణాళిక ఏ దశల్లో రూపుదిద్దుకుందో వివరించగలుగుతారు.
• క్లౌడ్ వాడే సంస్థకు కూడా బ్యాకప్ బాధ్యత ఎందుకు తప్పదో ఉదాహరణలతో చెప్పగలుగుతారు.

7.1 పరిచయం

మీరు ఒక చిన్న వ్యాపార సంస్థలో లెక్కలు చూస్తున్నారనుకోండి. రాత్రి కంప్యూటరు కట్టేసి ఇంటికి వెళ్ళారు. తెల్లవారేసరికి ఖాతాదారుల పేర్లు, రావలసిన బాకీలు, బిల్లులు ఏవీ లేవు. ఎంతసేపటిలో పని మళ్ళీ మొదలుకావాలి? ఎన్ని గంటల లెక్కలు పోయినా సంస్థ తట్టుకోగలదు? మొదటిదాన్ని పరిశ్రమలో ఆర్‌టీఓ అనీ, రెండోదాన్ని ఆర్‌పీఓ అనీ అంటారు. ఈ రెండు ప్రశ్నలకు వివిధ కాలాల్లో సంస్థలు వెతుక్కున్న జవాబులే ఈ పాఠంలోని చరిత్ర.

7.2 టేపుల నుంచి రెండో కేంద్రం వరకు

మెయిన్‌ఫ్రేమ్ కంప్యూటర్ల కాలంలో సమాచారాన్ని అయస్కాంత టేపులకెక్కించి వేరే భవనంలో దాచేవారు. అయితే టేపు మిగిలినా, దాన్ని నడిపే యంత్రం కాలిపోతే ప్రయోజనం లేదు. ఈ ఇబ్బంది నుంచే 1970ల చివర అమెరికాలో, అద్దెకు దొరికే సిద్ధ కంప్యూటర్ కేంద్రాలు వచ్చాయి. వీటికి హాట్ సైట్లని పేరు. ఫిలడెల్ఫియా ప్రాంతానికి చెందిన సన్‌గార్డ్ ఈ రంగంలో తొలి సంస్థల్లో ఒకటి.

2001 సెప్టెంబరు 11 దాడిలో కాంటర్ ఫిట్జెరాల్డ్ అనే బాండ్ల వ్యాపార సంస్థ 658 మంది ఉద్యోగులను కోల్పోయింది. న్యూజెర్సీలో దానికి మరో కంప్యూటర్ కేంద్రం ఉంది. అందువల్ల సెప్టెంబరు 13న బాండ్ల మార్కెట్ తెరిచేనాటికి ఎలక్ట్రానిక్ వ్యాపారం మళ్ళీ మొదలైంది. ఇక్కడ ఒక విషయం గమనించండి. యంత్రాలకు నకలు ఉంది, మనుషులకు లేదు. ప్రణాళిక అంటే కంప్యూటర్లు మాత్రమే కాదని, పని తెలిసినవారు ఒకే చోట ఉండటమూ ప్రమాదమేనని ఈ విషాదం చూపింది.

7.3 క్లౌడ్ రాక, ఒక అపోహ

2006లో అమెజాన్ ఎస్3, ఈసీ2 సేవలను ప్రారంభించింది. సొంతంగా రెండో కేంద్రం కట్టుకునే స్తోమత లేని చిన్న సంస్థలకు కూడా దూరప్రాంతంలో నకలు ఉంచుకునే వీలు కలిగింది. దానితోపాటే 'క్లౌడ్‌లో పెట్టాం, ఇక భయం లేదు' అన్న అపోహ కూడా బలపడింది.

2014 జూన్‌లో కోడ్ స్పేసెస్ అనే సంస్థ అమెజాన్ ఖాతాలోకి దుండగుడొకడు చొరబడ్డాడు. అసలు సమాచారంతోపాటు బ్యాకప్‌లలో అధిక భాగాన్నీ చెరిపేశాడు. సంస్థ మూతపడింది. అసలు, నకలు ఒకే తాళంచెవి కింద ఉంటే రెండూ ఒకేసారి పోతాయి.

2021 మార్చి 10న ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్‌లో ఓవీహెచ్‌క్లౌడ్ డేటా కేంద్రంలో మంటలు చెలరేగాయి. ఎస్‌బీజీ2 భవనం పూర్తిగా నాశనమైంది. ప్రాణనష్టం జరగలేదు. వినియోగదారులు తమ పునరుద్ధరణ ప్రణాళికలను అమలు చేసుకోవాలని ఆ సంస్థ అధినేత అదే రోజు సూచించారు. అలాంటి ప్రణాళిక లేనివారికి ఆ సూచన వల్ల ఒరిగిందేమీ లేదు. మరో చోట నకలున్నవారు కోలుకున్నారు, లేనివారి సమాచారం బూడిదైంది.

దీనికి భిన్నమైన ఉదాహరణ ఆస్ట్రేలియాలోని యూనిసూపర్ పింఛను నిధి. 2024 మేలో గూగుల్ క్లౌడ్ వైపు జరిగిన పొరపాటు వల్ల దాని క్లౌడ్ వ్యవస్థ తొలగిపోయింది. రెండు ప్రాంతాల్లో ఉంచిన నకళ్ళు కూడా దానితో పోయాయి. మరో సర్వీసు సంస్థ దగ్గర ఉంచిన బ్యాకప్ కోలుకోవడానికి తోడ్పడింది.

7.4 భారతదేశ పరిస్థితి

చెల్లింపుల సమాచారాన్ని దేశంలోనే నిల్వచేయాలని రిజర్వు బ్యాంకు 2018 ఏప్రిల్‌లో ఆదేశించింది. కాబట్టి ఇలాంటి సంస్థలకు రెండో కేంద్రం కూడా దేశంలోనే ఉండాలి. అమెజాన్ 2016లో ముంబయిలో, 2022లో హైదరాబాదులో తన కేంద్ర సముదాయాలను తెరిచింది. అందువల్ల ముంబయిలోని సమాచారానికి హైదరాబాదులో నకలు పెట్టుకోవచ్చు. కాని అది దానంతటదే జరగదు. సంస్థే కోరి, రుసుము చెల్లించి ఏర్పాటు చేసుకోవాలి.

7.5 సారాంశం

టేపుల కాలమైనా, క్లౌడ్ కాలమైనా సూత్రం మారలేదు. నకలు వేరే చోట, వేరే తాళం కింద ఉండాలి. దాన్ని అప్పుడప్పుడు తెరిచి, పనిచేస్తుందో లేదో పరీక్షించాలి. భవనం, యంత్రం అద్దెకు దొరుకుతాయి; బాధ్యత అద్దెకు దొరకదు.

మీ ప్రగతిని సరిచూసుకోండి

1. ఆర్‌టీఓ, ఆర్‌పీఓల మధ్య భేదమేమిటి?
2. కోడ్ స్పేసెస్, యూనిసూపర్ అనుభవాలను పోల్చండి.
3. మీకు తెలిసిన ఒక దుకాణం లెక్కలు ఈ రాత్రి పోతే, రేపు ఉదయం ఏం చేస్తారో పది వాక్యాల్లో రాయండి.