మూడు రోజుల నీళ్లు

1775. కొత్తచెరువు చుట్టుపక్కల ఊళ్లకు దండు కొత్త కాదు. తూర్పున చిత్రావతి, నైరుతిన పెనుకొండ. 1760ల మొదట్లోనే మైసూరు హైదరాలీ పెనుకొండ, కోడికొండ, మడకశిర కోటల్ని గుత్తి మురారిరావు చేతిలోంచి లాక్కున్నాడు. కోట ఎవరి చేతికొస్తే ఊరు వాళ్లకే శిస్తు కట్టింది.

ఈసారి కబురు ఉత్తరం నుంచి వచ్చింది. ఆదోని బసాలత్ జంగ్ బళ్లారిని ముట్టడిస్తే, హైదరాలీ శ్రీరంగపట్నం నుంచి అయిదే రోజుల్లో వచ్చిపడ్డాడు. ముట్టడించినవాళ్లను తరిమాడు, బళ్లారినీ తానే తీసుకున్నాడు. తర్వాత గుత్తిని కప్పం అడిగాడు. మురారిరావు ఘోర్పడే మరాఠా సేనాని, ఒకప్పుడు తిరుచిరాపల్లిని ఏలినవాడు. తాను చౌత్ పేరుతో కప్పం వసూలు చేసేవాణ్నే గానీ కట్టేవాణ్ని కానని జవాబు పంపాడు.

ధర్మవరం, అనంతపురం దాటి గుత్తికి పోదాం రండి. ఊరిని చుట్టేసిన కొండలు, ఆ కొండల్ని కలుపుతూ గోడలు. అన్నిటికన్నా ఎత్తైన కొండ మీద పైకోట. కింద ఫిరంగులు మోగుతున్నాయి. హైదరాలీ సైన్యం ఊళ్లోకి, కిందికోటలోకి చొరబడింది. తలుపులు విరుగుతున్నాయి, గాదెలు ఖాళీ అవుతున్నాయి. జనం పైకి పరుగు తీస్తున్నారు. మీరూ ఎక్కుతున్నారు. ముందు ఒకామె చంకలో బిడ్డ, వెనక ఒక ముసలాయన చేతిలో ఎద్దు పలుపు. ఎద్దును వదిలేసి పొమ్మని ఆయనకు ఎవరు చెప్పగలరు? ఎద్దు పోతే వచ్చే కారుకు సేద్యమే లేదు. గుర్రాలు, గొడ్లు, మనుషులు అందరూ ఒకే దారిన, ఒకే వాకిట్లోంచి లోపలికి దూరుతున్నారు.

పైకోటలో మందుగుండుంది, గింజలున్నాయి. నీళ్లు మాత్రం రాతి చీలికల్లో కట్టిన తొట్లలో, బావుల్లో నిలిచిన వానవే. ఏడాదికి 550 మిల్లీమీటర్లకు అటూఇటూగా వాన పడే సీమ ఇది. కోటను కాసే సిపాయిలకు సరిపోయే నీళ్లను ఇప్పుడు ఊరంతా తాగుతోంది. గుర్రం తాగుతోంది, ఎద్దు తాగుతోంది.

వారాలు గడుస్తున్నాయి. చలి పోయింది, బండలు కాగుతున్నాయి. తొట్టిలో నీళ్లు మెట్టు తరవాత మెట్టు దిగిపోతున్నాయి. కడవ ముంచితే అడుగున బురద తగులుతోంది. ముందు గొడ్లకు ఆపేశారు. పైనుంచి చూస్తే నాలుగు దిక్కులా హైదరాలీ గుడారాలే. పూనాలోని మరాఠాల నుంచి సాయం వస్తుందని ఆశపడ్డారు. అక్కడ పీష్వా గద్దె కోసం రాఘోబా తగవు, ఇంగ్లీషువాళ్లతో యుద్ధం. ఎవరూ రాలేదు.

మురారిరావు రాజీకి దిగాడు. సొమ్ము ఒప్పుకున్నాడు, పూచీగా ఒక యువకుణ్ని హైదరాలీ శిబిరానికి పంపాడు. ఆ తర్వాత జరిగింది చరిత్రకారుడు విల్క్స్ తన మైసూరు చరిత్రలో రాశాడు. శిబిరంలో మర్యాదలు చేసి మాటల్లోకి దించితే, ఆ కుర్రవాడు పౌరుషానికి పోయి నోరు జారాడు: కోటను గెలిచింది మీరు కాదు, పైన మూడు రోజులకు మించి నీళ్లు లేవు, అంతే. హైదరాలీకి ఆ మాట చాలు. రాజీ చెడింది, ముట్టడి మళ్లీ బిగిసింది. 1776 మార్చిలో పైకోట తలుపులు తెరుచుకున్నాయి.

ఆ పిల్లవాడి మీద తప్పంతా వేయడం నాకు న్యాయమనిపించదు. వాడు నోరు మూసుకున్నా తొట్టి నిండదు. వానలు రావడానికి ఇంకా నెలలున్నాయి. ఏలికలు శత్రువును లెక్కపెట్టారు, ఫిరంగుల్ని లెక్కపెట్టారు. దండు వచ్చిననాడు ఊరంతా పైకెక్కుతుందని, ఆ ఊరికీ దాహం వేస్తుందని లెక్కపెట్టలేదు.

మురారిరావును శ్రీరంగపట్నానికి, అక్కణ్నుంచి కబ్బాలదుర్గానికి తీసుకుపోయారు. అక్కడే చనిపోయాడు. బురద తాగి బతికినవాళ్ల పేర్లు, బతకనివాళ్ల పేర్లు ఏ చరిత్రలోనూ లేవు.

గుత్తి కోట ఇప్పటికీ ఉంది. ఎక్కినవాళ్లంతా కొండ అంచున ఉన్న మురారిరావు గద్దె దగ్గర ఫొటోలు దిగి వచ్చేస్తారు. మీరు వెళ్తే ముందు బావుల దగ్గరికి, తొట్ల దగ్గరికి వెళ్లండి. నీళ్ల సీసాలు వాటిలోకి విసరకండి.