దామలచెరువు కనుమ

రెండు కొండల నడుమ మనుష్యులును, పశువులును, బండ్లును దాటుటకు వీలైన సందును మన పెద్దలు కనుమ యనిరి. మన పళ్ళిపట్టుకు పడమటి దిక్కున, పాకాలకు సమీపమున నున్న దామలచెరువు కనుమ యట్టిది. కడప సీమ మెట్టనేలలనుండి ఆర్కాటు మైదానమునకు దిగివచ్చు దారులలో నిది ముఖ్యమైనది. ఆల్ప్సు పర్వతములలోని కనుమలవలె దీనిపై మంచు పేరుకొనదు. ఇచ్చటి కొండలు మిన్నంటునవియు గావు. అయినను దక్షిణదేశపు రాజ్యాధికారము నొకనాడు తారుమారు చేసిన స్థల మిదియే.

1740 మే నెలలో రఘూజీ భోంస్లే మరాఠా సైన్యముతో ఆర్కాటు రాజ్యముపైకి వచ్చెను. నవాబు దోస్త్ అలీ ఖాన్ ఈ కనుమ నడ్డగించి నిలిచెను. ఇరుకు చోట కొద్దిపాటి బలగమైనను పెద్ద దండు నాపగలదు గనుక ఆ యోచన యుక్తమైనదే. కాని కొండలలో దారి యొక్కటియే యుండదు. మరియొక దారిని కాచుచుండిన నవాబు కొలువులోని యధికారియే మరాఠాలను పోనిచ్చెనని ఆంగ్ల చరిత్రకారుడు ఓర్మ్ వ్రాసియున్నాడు. వారు చుట్టు తిరిగి వెనుకనుండి పైబడిరి. నవాబును, అతని కుమారుడు హసన్ అలీయు ఆ రణమున కూలిరి. క్రీ.పూ. 480లో గ్రీసు దేశపు థెర్మోపిలే కనుమయొద్దను ఇట్లే జరిగినది. అచ్చట పారసీకులకు కొండదారి చూపినవాడు ఆ ప్రాంతమువాడే.

ఆ యోటమితో నవాబు వంశము పట్టు సడలెను. 1741లో తిరుచిరాపల్లి మరాఠాల వశమై చందా సాహెబు బందీ యయ్యెను. 1742లో దోస్త్ అలీ కుమారుడు సఫ్దర్ అలీ వేలూరులో హత్య గావింపబడెను. తరువాతి వారసత్వ కలహములలో ఫ్రెంచివారును, ఆంగ్లేయులును చెరియొక ప్రక్క చేరిరి. తుదకు 1801లో కర్ణాటక రాజ్యపాలన కుంపిణీవారి చేతికి పోయెను.

యుద్ధమును తేల్చినది పెద్ద కనుమ కాదు, ప్రక్కదారి. పెద్ద కనుమ పటములలో నుండును. ప్రక్కదారి ఆ యూరివారి యెరుకలో నుండును. 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి తాలూకాతోబాటు పళ్ళిపట్టు మద్రాసు రాష్ట్రమున చేరెను. దామలచెరువు ఆంధ్రప్రదేశముననే నిలిచెను. నేడు మామిడికాయల వ్యాపారమునకు పేరొందిన ఆ యూరి చరిత్ర సరిహద్దుకీవలి మన పిల్లల పాఠములలో కానరాదు. మన చుట్టునున్న గుట్టలకు, వంకలకు, డొంకలకు గల తెలుగు పేర్లైనను వృద్ధుల నోటనే మిగిలియున్నవి. పేరు మరచిన దారిని మరియొకరికి చెప్పుట యెట్లు? కావున ప్రతి పాఠశాలలోను పిల్లలచేత తమ తాతలను, అవ్వలను అడిగించి ఆ పేర్లను వ్రాయింపవలెను. ఒక్కొక్క యూరికి ఒక్కొక్క నోటుపుస్తకము చాలును. ఇది మన సంఘము ఈ సంవత్సరమే చేపట్టదగిన కార్యము.