బాటకావలి నుండి బండి తనిఖీ దాకా

విరుదునగరము నుండి సాత్తూరు, కోవిల్‌పట్టి, కయత్తారుల మీదుగా తిరునెల్వేలికి పోవు రహదారి మనవారికి క్రొత్తది కాదు. నల్లరేగడి నేలలను వెదకుకొనుచు వచ్చిన మన పూర్వులు ఈ బాటకు ఇరుప్రక్కల ఊళ్లు కట్టుకొనిరి. నేడు మన పిల్లలు ఉగాదికి చుట్టాల యిండ్లకు మోటారు సైకిళ్లపై ఈ దారినే పోవుచున్నారు. మలుపులో పోలీసువారు చెయ్యి అడ్డము పెట్టి బండి ఆపుదురు. ఆ చేతికి ఆపు అధికారము ఎక్కడి నుండి వచ్చినది, దాని హద్దేది అని మేము కొంత వెదకి చూచితిమి. ఆ చరిత్రలో మనవారి పాలు కూడ ఉన్నది. అదంతయు గర్వింపదగినది కాదు.

కుంపిణీ రాకమునుపు ఈ సీమలో పోలీసులు లేరు, కావలి యుండెడిది. ఊరివారు పెట్టుకొన్నది స్థలకావలి; పాలెగాండ్రు పలు గ్రామములపై నెరపినది దేశకావలి. బాటసారికి, పంటకు, పశువులకు కాపు ఇచ్చినందులకు రుసుము పుచ్చుకొనుట ఆచారము. సొత్తు దొంగల పాలైనచో కావలివాడు దొంగనైన పట్టి ఇయ్యవలె, నష్టమునైన తానే పూడ్చవలె. అనగా అడ్డగించు హక్కుకు పూచీ జోడై యుండెను. వినుటకు బాగుగనే యున్నది. కాని పాలెగాండ్రు దేశకావలి పేర గ్రామములను పీడించి సొమ్ము గుంజుచున్నారని ఆ కాలపు కలెక్టరు లషింగ్టన్ ఫిర్యాదు. దొర కుంపిణీ లాభము చూచుకొనియే వ్రాసెను, నిజమే. అయినను అంతయు కల్ల అని త్రోసివేయుటకు మాకు మనసొప్పదు. పాంచాలంకురిచ్చిని, ఎట్టయపురమును ఏలినవారు తెలుగు పలుకు రాజకంబళమువారే గదా! కోవిల్‌పట్టి చెంతనున్న ఇడైసెవల్‌లో పుట్టిన కి. రాజనారాయణన్ తన ‘గోపల్ల గ్రామము’ నవలలో, దారిన పోవు స్త్రీని చంపిన దొంగను మనవారు కొరత వేసిన కథ చెప్పినాడు. దండనలో మనము మెత్తనివారమని అనుకొనుటకు ఆ పుస్తకము తావియ్యదు.

1799 అక్టోబరు 16న కట్టబొమ్మనను కయత్తారులో ఉరితీసిరి. ఎట్టయపురమువారు కుంపిణీ పక్షమున నిలిచిరి. పాలెగాండ్ర కోటలు కూల్చి, ఆయుధములు ఒప్పగింపించుకొనిరి. దేశకావలి పోయెను. దానితో పాలెగాని పూచీయు పోయెను. ఆపు చెయ్యి మాత్రము మిగిలి కుంపిణీకి చిక్కెను.

1816లో మదరాసు ప్రభుత్వము పోలీసు పనిని కలెక్టరు, తాసీల్దారు, గ్రామాధికారుల చేతిలో పెట్టెను. శిస్తు వసూలు చేయువాడే నేరగాండ్రను పట్టువాడు! నలువది ఏండ్లకు దాని ఫలము బయటపడెను. చిత్రహింసలపై విచారణకు 1854లో నియమించిన ఇలియట్, స్టోక్సు, నార్టన్ అను ముగ్గురు దొరలు మరుసటి ఏట నివేదిక ఇచ్చిరి. అందు రెండు మాటలు మమ్ము నిలవేసినవి. తమిళమున ‘కిట్టి’ అనబడు దానిని తెలుగున చీరాట అందురట. అనగా ఒక కొసన కట్టిన రెండు కర్రల నడుమ వ్రేళ్లను నొక్కుట. మెడను, కాలి బొటనవ్రేళ్లను త్రాటితో బిగించి మనిషిని వంచి ఉంచుటకు గింగెరి అని పేరట. ఆంగ్ల ప్రభుత్వ నివేదికలో మన భాషకు దక్కిన చోటు ఇది! పోలీసును శిస్తు ఉద్యోగము నుండి విడదీయవలెనన్న మాటకు అప్పుడు బలము వచ్చి, 1859లో 24వ చట్టముతో వేరు పోలీసు శాఖ పుట్టెను.

ఇక బండి సంగతి. 1988 నాటి మోటారు వాహనముల చట్టము 130వ సెక్షను ప్రకారము, యూనిఫారములోనున్న పోలీసు అధికారి అడిగినప్పుడు డ్రైవరు లైసెన్సు చూపవలెను. లైసెన్సు లేకుండ నడుపు బండిని నిలుపుకొనుటకు 207వ సెక్షను కలదు. అడిగినది చూపలేదని కొట్టుటకు, తన్నుటకు ఆ చట్టమున చోటు లేదు. అయినను 2018 మార్చి 7న తిరుచ్చి దగ్గర హెల్మెటు తనిఖీలో ఆగని దంపతులను ఒక ఇన్‌స్పెక్టరు తరిమి బండిని తన్నగా, భార్య పడి చనిపోయినది. 2021 జూన్‌లో సేలం జిల్లా చెక్‌పోస్టు వద్ద లాఠీ దెబ్బలు తిన్న ఒక వ్యాపారి మరునాడు కన్నుమూసెను. రెండు చోట్లను పోలీసు ఉద్యోగులు అరెస్టయిరి.

కోవిల్‌పట్టి పేరు దేశమంతట వినబడినది 2020లో. అది బాట మీద మొదలైనది కాదు, అంగడి ముంగిట. లాక్‌డౌను వేళ మించి దుకాణము తెరిచిరన్న ఆరోపణపై జూన్ 19న సాత్తాన్‌కుళములో జయరాజ్, ఆయన కుమారుడు బెన్నిక్స్‌లను పట్టుకొని స్టేషనులో రాత్రి కొట్టిరి. పిదప సుమారు నూరు కిలోమీటర్ల దూరము కోవిల్‌పట్టి సబ్‌జైలుకు తెచ్చిరి. 22 రాత్రి కొడుకు, 23 ఉదయము తండ్రి ఇక్కడి సర్కారు ఆసుపత్రిలో మరణించిరి.

హైకోర్టు మదురై బెంచి తనంతట తానే కేసు చేపట్టి, కోవిల్‌పట్టి మేజిస్ట్రేటు భారతిదాసన్‌ను విచారణకు పంపెను. స్టేషనువారు తనకు సహకరింపలేదని, సీసీటీవీ చిత్రములు నిలువలేదని ఆయన కోర్టుకు వ్రాసెను. అప్పుడు హైకోర్టు ఆ పోలీసు స్టేషనును రెవెన్యూవారి అదుపులో పెట్టించెను. 1859లో రెవెన్యూ నుండి విడదీసిన పోలీసు ఠాణాను, సాక్ష్యము దక్కించుకొనుటకు 2020లో మరల రెవెన్యూ చేతికే ఇయ్యవలసి వచ్చినది! తరువాత సీబీఐ తొమ్మిదిమంది పోలీసులపై ఛార్జిషీటు వేసెను. ఆ ఏటి డిసెంబరులోనే సుప్రీంకోర్టు దేశములోని స్టేషన్లన్నిట సీసీటీవీ పెట్టవలెనని ఆజ్ఞాపించెను.

కెమెరా చూపని ఆ రాత్రిని ఒక మనిషి చెప్పినది. ఆ స్టేషనులోనే పని చేయు హెడ్ కానిస్టేబులు రేవతి, ఇద్దరిని తెల్లవార్లు కొట్టిరనియు, లాఠీలకు నెత్తురంటెననియు మేజిస్ట్రేటుకు వాంగ్మూలమిచ్చెను. బయట తోటి పోలీసులున్నారు. కాగితము ముందు పెట్టగా సంతకమునకు ఆమె మొదట జంకెను. భయము లేదని నచ్చజెప్పిన పిమ్మట పెట్టెను.