ఆసు యంత్రం: ఆవిష్కర్త మాట, పేటెంటు పత్రం

వ్యాససంగ్రహం: చింతకింది మల్లేశం రూపొందించిన లక్ష్మీ ఆసు యంత్రం చరిత్రను ఈ వ్యాసం పరిశీలిస్తుంది. ఆవిష్కర్తలతో జరిగిన సంభాషణలు, మేధోసంపత్తి చట్టాలు, చేనేత స్త్రీల శ్రమ అనే మూడింటి మధ్య గల సంబంధాన్ని చర్చిస్తుంది.

కీలక పదాలు: ఆసు, చేనేత, పేటెంటు, భౌగోళిక గుర్తింపు, మౌఖిక చరిత్ర.

1. ఉపోద్ఘాతం

ఒక ఆవిష్కరణకు పేటెంటు పత్రం ప్రధానమైన లిఖిత ఆధారం. యంత్రంలో ఏయే భాగాలున్నాయి, అవి ఎలా పనిచేస్తాయి, అందులో కొత్తదనం ఏమిటి అన్న విషయాలు అందులో నమోదవుతాయి. ఆ యంత్రం ఎవరి కష్టం నుంచి పుట్టిందో చెప్పవలసిన అవసరం ఆ పత్రానికి లేదు. ఆ విషయం ఆవిష్కర్త నోటిమాటగానే తెలియాలి. ఈ రెండు ఆధారాలను పక్కపక్కన పెట్టి చూడడానికి తెలంగాణ చేనేత చరిత్రలో ఆసు యంత్రం తగిన ఉదాహరణ.

2. ఆసు పోయడం - శ్రమ స్వరూపం

పోచంపల్లి, పుట్టపాక పరిసరాల్లో నేసే చిటికి వస్త్రాలలో నేతకు ముందే నూలు మీద రంగులు అద్దుతారు. నమూనాను అనుసరించి నూలుకు కట్లు కట్టి రంగులో ముంచుతారు. కట్టిన చోట రంగు అంటదు. ఈ కట్లు కట్టడానికి ముందు పేక నూలును అర్ధవృత్తాకారంగా అమర్చిన మేకుల చుట్టూ వరుస తప్పకుండా పోయాలి. దీనినే ఆసు పోయడం అంటారు. పోగుల వరుస తప్పితే చీర మీద నమూనా చెదిరిపోతుంది.

ఈ పనిని ఎక్కువగా నేతన్నల ఇళ్లలోని స్త్రీలే చేస్తారు. ఒక్క చీరకు చేయి సుమారు 9,000 సార్లు ముందుకూ వెనక్కూ ఆడాలి. అందుకు నాలుగైదు గంటలు పడుతుంది. రోజుకు రెండు చీరలకు ఆసు పోస్తే ఆ సంఖ్య 18,000. భుజం, మోచేయి నొప్పులు, కంటి శ్రమ ఈ పనితో వచ్చేవే. అయినా చీర నేసినవారికి దక్కే గుర్తింపు ఆసు పోసినవారికి దక్కదు.

3. యంత్ర నిర్మాణం

మల్లేశం స్వగ్రామం ఆలేరు సమీపంలోని శారాజిపేట. ఆయన చదువు బడి దశలోనే ఆగిపోయింది. తల్లి లక్ష్మి ఆసు పోస్తూ పడే బాధను చూసి, ఆ పనికి యంత్రం చేయాలన్న ఆలోచన తనకు కలిగిందని ఆయన తన సంభాషణల్లో చెబుతూ వచ్చారు. 1992లో మొదలైన ప్రయత్నం 1999లో ఫలించింది. మధ్యకాలంలో డబ్బు కరవైంది, చుట్టుపక్కలవారి విమర్శలు ఎదురయ్యాయి. బతుకుతెరువుకు ఆయన హైదరాబాదు చేరారు. అక్కడి ఒక వర్క్‌షాపులో పనిచేస్తున్న యంత్రపు కదలికను గమనించడంతో, చివరి వరకు తెగని చిక్కుముడి విడిపోయింది. యంత్రం వచ్చాక ఒక చీరకు ఆసు పోయడం సుమారు గంటన్నర పనిగా మారింది.

4. సంభాషణ - గుర్తింపు

ఈ కథనం గ్రామం దాటి వెళ్లడానికి సంభాషణే కారణం. అహ్మదాబాదులోని ఐఐఎం ఆచార్యుడు అనిల్ గుప్తా 1980ల చివరలో హనీ బీ నెట్‌వర్క్‌ను ప్రారంభించారు. ఊరూరా నడుస్తూ ఆవిష్కర్తలను కలిసి మాట్లాడే శోధయాత్రలు దాని పద్ధతి. సమాచారం ఇచ్చినవారి పేరు మరుగుపడకూడదు, సేకరించిన జ్ఞానం స్థానిక భాషలో వారికి తిరిగి చేరాలి, లాభంలో వారికి వాటా ఉండాలి అన్నవి దాని సూత్రాలు. తెలుగు ప్రాంతాలలో పల్లె సృజన సంస్థ ఈ పనిని చేపట్టింది. 2000లో ఏర్పడిన నేషనల్ ఇన్నోవేషన్ ఫౌండేషన్ 2009లో మల్లేశంకు పురస్కారం అందించింది. 2011లో యంత్రానికి పేటెంటు లభించింది. 2017లో ఆయనను పద్మశ్రీ వరించింది.

5. చట్టం గుర్తించేది - విడిచిపెట్టేది

1970 నాటి భారత పేటెంటు చట్టం కొత్తదనం, ఆవిష్కరణాత్మకత, పారిశ్రామిక ఉపయోగం ఉన్నవాటికి 20 ఏళ్ల హక్కు ఇస్తుంది. 2002 సవరణతో చేరిన 3(పి) నిబంధన ప్రకారం సంప్రదాయ జ్ఞానానికి పేటెంటు లేదు. ఇతరులు దానిని సొంతం చేసుకోకుండా ఈ నిబంధన కాపాడుతుంది. దీని పర్యవసానంగా ఆసు యంత్రం హక్కుకు అర్హమైంది, ఆ యంత్రం అనుకరించిన చేతి నైపుణ్యం కాలేదు.

1999 నాటి భౌగోళిక గుర్తింపు చట్టం 2003 సెప్టెంబరులో అమలులోకి వచ్చింది. దాని కింద తొలి దశలోనే గుర్తింపు పొందినవాటిలో పోచంపల్లి ఇకత్ ఒకటి. ఈ హక్కు వ్యక్తిది కాదు, ఉత్పత్తిదారుల సమూహానిది. అయితే అది రక్షించేది ప్రాంతంతో ముడిపడిన సరుకు పేరును మాత్రమే. ఆ సరుకు వెనక ఉన్న ఒక్కొక్క పనికి కూలి ఎంత, ఆ పని ఎవరు చేశారు అన్న ప్రశ్నలు దాని పరిధిలోకి రావు.

ఈ విధంగా ఒక చట్టం వ్యక్తిని, మరొకటి ప్రాంతాన్ని గుర్తించాయి. ఆసు పోసిన స్త్రీ ఈ రెండింటికీ వెలుపలే మిగిలింది. ఆమె ప్రస్తావన యంత్రం పేరులో ఉంది. కాని పేటెంటు రక్షించేది నిర్మాణాన్ని, పేరును కాదు.

6. ముగింపు

ఇది చట్టాల వైఫల్యమని తేల్చడం తొందరపాటే అవుతుంది. అవి ఏ ప్రయోజనానికి ఏర్పడ్డాయో ఆ ప్రయోజనాన్నే నెరవేరుస్తున్నాయి. అవి వదిలిన ఖాళీని పూరించవలసినది చరిత్ర రచన. మల్లేశం మాట నమోదు కాకపోయి ఉంటే, భావి పరిశోధకులకు ఈ ఆవిష్కరణ ఒక సాంకేతిక వివరణగానే మిగిలేది. ఆవిష్కర్తల సంభాషణలను ప్రేరణాత్మక కథలుగా కాక, మౌఖిక ఆధారాలుగా తెలుగులో సేకరించి భద్రపరచడం అవసరం. ఆ సేకరణ యంత్రం చేసినవారితో ఆగకూడదు. యంత్రం రాకముందు ఏళ్ల తరబడి ఆసు పోసిన స్త్రీలను కూడా పలకరించాలి. పోగుల వరుసను చేతులతో గుర్తుపెట్టుకున్న ఆ తరం ఉన్నప్పుడే ఈ పని జరగాలి.