ఇసుర్రాయి ఆగిన రోజు



"మా చిన్నప్పుడు ఎంత హాయిగా ఉండేదో!" అని మనలో అననివారెవరు? కరెంటు పోయిన రాత్రి పిల్లల్ని చుట్టూ కూర్చోబెట్టుకుని నేనూ అంటాను. కందిలి వెలుగు, వాకిట్లో నులకమంచం, ఉట్టి మీద పెరుగు కుండ, కట్టెల పొయ్యి మీద జొన్నరొట్టె... తలుచుకుంటే ఇప్పటికీ నోరూరుతుంది. కానీ ఆ హాయి ఎవరి రెక్కల కష్టం మీద నిలిచిందో ఎప్పుడైనా ఆలోచించామా?

మాది నారాయణఖేడ్. సంతకు పోతే తెలుగు, కన్నడం, మరాఠీ, ఉర్దూ నాలుగూ వినిపించేవి. నా చిన్నతనంలో అది హైదరాబాదు రాష్ట్రంలో, బీదరు జిల్లాలోని తాలూకా. 1956 నవంబరు 1న రాష్ట్రాల పునర్విభజనతో మెదక్ జిల్లాలో కలిసింది. ఊరు ఉన్నచోటనే ఉంది, జిల్లా మారింది. మళ్ళీ 2016లో సంగారెడ్డి జిల్లా అయింది. 1957 ఏప్రిల్ 1న నయాపైసలు వచ్చి, పదహారణాల రూపాయి కాస్తా నూరు పైసల రూపాయి అయింది. ఆ తర్వాత శేర్లు పోయి కిలోలొచ్చాయి. ఈ సంగతులన్నీ పుస్తకాల్లో దొరుకుతాయి. మా ఇంట్లో ఇసుర్రాయి ఆగిన రోజు మాత్రం ఏ పుస్తకంలోనూ లేదు. నా మటుకు నాకు అన్నిటికంటే పెద్ద మార్పు అదే.

మా వైపు జొన్నే తిండి. వరి అన్నం పండుగకో, చుట్టాలొస్తేనో. జొన్నపిండి సంగతి రొట్టె చేసేవారికి తెలుసు కదూ! నిలవుంటే చేదెక్కుతుంది, జిగి పోయి రొట్టె తట్టేటప్పుడు అంచులు పగులుతాయి. అందుకని వారానికి సరిపడా ఒకేసారి విసిరి పెట్టుకోవడానికి లేదు. రోజూ కోడి కూయకముందే అమ్మా, అక్కా ఎదురెదురుగా కూర్చుని, ఒకే పిడి పట్టి తిప్పేవారు. ఆ గరగర చప్పుడే నాకు జోలపాట. ఇంకాస్త ముడుచుకుని పడుకునేదాన్ని.

విసరడం అయ్యాక చేదబావి. బిందెలు మోసి దించేసరికి బడి గంట కొట్టేవారు. అక్క బడికి పోలేదు. "ఇది బడికి పోతే రాయి ఎవరు పడ్తరు?" అనేది నాయనమ్మ. ఆ మాటలో కోపం లేదు, ఇంటి లెక్క ఉంది.

కొన్నాళ్ళకు ఊళ్ళోకి పిండిగిర్ని వచ్చింది. "గిర్ని పిండి కాక పడ్తది, రుచుండది" అని నాయనమ్మ సణిగింది. ఆమె అన్నది అబద్ధం కాదు. రొట్టెలో తేడా తెలిసేది. అయినా అమ్మ జొన్నల గంప నెత్తికెత్తుకుని గిర్నికే నడిచింది. ఆ ఏడే నా చేతికి పలక వచ్చింది. అప్పటికే అక్కకు పెళ్ళి కుదిరింది. మా ఇద్దరికీ ఆరేళ్ళు తేడా. ఆమె అరచేతిలో కాయలు, నా చేతిలో బలపం. తర్వాత నేను రాసే ఉత్తరాలు అక్క ఎవరితోనో చదివించుకునేది. అది తలుచుకుంటే, మనసులో మాట రాయడానికి నాకు చెయ్యాడేది కాదు.

నీళ్ళ కథా అంతే. మా వైపు పారే మంజీర నీళ్ళు 1965 నుంచి హైదరాబాదు నగరానికి రావడం మొదలైంది. పట్నంలో కాపురం పెట్టాక నల్లా తిప్పినప్పుడల్లా నాకు అక్క భుజం మీది బిందే గుర్తొచ్చేది.

ఆ ఇసుర్రాయి ఇప్పుడు మా ఇంట్లో తులసికోట పక్కన ఉంది. ఒకసారి మనవరాలు సరదాగా తిప్పబోతే, "నువ్వు పోయి చదువుకో బిడ్డా, అది తిరిగింది చాలు" అంది అక్క.

పాత రుచులు మరచిపొమ్మని నేననను. పిల్లలకు రొట్టె రుచి చెప్పేటప్పుడు రాయి బరువు కూడా చెబుదాం. మీ ఇంట్లో పెద్దవారుంటే అడగండి: ఇసుర్రాయి ఎప్పుడు ఆగింది, నల్లా ఎప్పుడొచ్చింది, ఆ ఖాళీ దొరికాక ఎవరు బడికి వెళ్ళారు? విన్నది ఒక నోటుబుక్కులో రాసి పెట్టండి. మనం రాయకపోతే ఇంకెవరు రాస్తారు?

సెలవు.