కట్టెనుండి మందు : లిగ్నిన్ చరిత్రము

చెట్టునుండి మందు తీయుట మనదేశమునకు క్రొత్తవిద్య కాదు. కాని కట్టెకు గట్టిదనమునిచ్చు లిగ్నిన్ అను పదార్థము ఔషధములకు మూలద్రవ్యము కాగలదని తెలియుటకు ఆధునిక రసాయనశాస్త్రము రావలసివచ్చెను. ఆ విద్య యెట్లు పెరిగెనో, యెందుకు కుంటుపడెనో తెలిసికొనదగినది.

1838లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు ఆన్సెల్మ్ పాయెన్ కట్టెనుండి సెల్యులోజను పీచుపదార్థమును వేఱుపఱచెను. ఆ పీచును బంకవలె పట్టియుంచునదే లిగ్నిన్. కట్టె బరువులో ఇది నూటికి 20 మొదలు 30 పాళ్ళు. 1874లో జర్మనీదేశీయులు టీమాన్, హార్మాన్ అనువారు సరళవృక్షపు రసమందలి కోనిఫెరిన్‌నుండి, వెనిలా కాయల పరిమళమునకు మూలమగు వెనిలిన్‌ను చేసిరి. ఈ కోనిఫెరిన్ లిగ్నిన్‌కు దగ్గఱి చుట్టము.

కాగితపు మిల్లులలో కట్టెను ఉడికించి సెల్యులోజును గ్రహింతురు; లిగ్నిన్ ఉడుకునీటిలో కరగిపోవును. ఆ మడ్డినీరు చిరకాలము నదుల పాలయ్యెను. 1930 తరువాత ఉత్తర అమెరికాలో దానికి క్షారము చేర్చి, వేడిమియందు గాలి సోకించి, వెనిలిన్ తీయసాగిరి. 1981లో కెనడాలోని థొరాల్డ్ మిల్లొక్కటియే ప్రపంచపు వెనిలిన్‌లో 60 శాతము సమకూర్చెను.

వెనిలిన్ మిఠాయిల సువాసనకు మాత్రమే కాదు. రక్తపుపోటుకు వాడు మిథైల్‌డోపాను, అంటురోగములకు వాడు ట్రైమిథోప్రిమ్‌ను, కంపవాతమునకు వాడు లెవోడోపాను దానినుండి చేయవచ్చును. ఈ లెవోడోపాయే మన దూలగొండి గింజలలో కలదని మదరాసునందు దామోదరన్, రామస్వామి అనువారు 1937లో నిరూపించిరి.

అయినను ఈ పరిశ్రమ క్షీణించెను. కిలో వెనిలిన్‌కు 160 కిలోలకు మించిన క్షారజలము మిగులుటయే ముఖ్యకారణము. థొరాల్డ్ కర్మాగారము 1987లో మూతపడెను. నేడు వెనిలిన్‌లో అధికభాగము పెట్రోలియమునుండి వచ్చుచున్నది. 1962లో మొదలిడిన నార్వేలోని బొరెగార్డ్ సంస్థ మాత్రము కట్టెను విడువలేదు.

మూలము చెట్టైనంతమాత్రమున పద్ధతి నిర్మలము కాదని ఈ చరిత్ర చెప్పుచున్నది. 2019లో నెదర్లాండ్స్‌లోని గ్రోనింగెన్ విశ్వవిద్యాలయమువారు, కట్టెనుండి ఔషధగుణముగల అణువులను వ్యర్థము మిగులని మూడు మెట్లలో నిర్మించు మార్గమును ప్రకటించిరి. అది ప్రయోగశాలలోని విజయము, మిల్లువఱకు రావలసియున్నది.

గోదావరితీరమున రాజమహేంద్రవరమునందును, ఒడిశాలో తెలుగువారు చిరకాలముగ నివసించు రాయగడ ప్రాంతమునందును కాగితపు మిల్లులు కలవు. ఇట్టి మిల్లులలో లిగ్నిన్ నల్లద్రవముగా కాలి ఆవిరినిచ్చును. పొయ్యికి పోవు ఆ పదార్థములో ఒక పాలైనను, నీటిని చెఱుపకుండ, రోగికి చేర్చగలిగిననాడే ఈ విద్య సార్థకమగును.