ఇబ్రహీంపట్నం కేసు: సాక్ష్యం బలమెంత?

విజయవాడ శివారు ఇబ్రహీంపట్నంలోని హాస్టల్లో 2007 డిసెంబరు 27న ఫార్మసీ విద్యార్థిని హత్యకు గురికాగా, మరుసటి ఏడాది అరెస్టయిన యువకుడిని 2010లో మహిళా కోర్టు దోషిగా తేల్చింది. తన ప్రేమను కాదన్నందుకే చంపానని చెబుతూ మృతదేహం వద్ద దొరికిన ఉత్తరం దర్యాప్తును దారి మళ్లించడానికి రాసినదీ కావచ్చు గనుక, అదొక్కటే ఎవరినీ దోషిగా నిలబెట్టలేదు. డీఎన్ఏ పోలిక, అంటే కణాల్లోని జన్యు గుర్తులను సరిపోల్చడం, ఉత్తరం కన్నా బలమైన సాక్ష్యమే అయినా, దాని విలువ నమూనాను సేకరించి, భద్రపరచి, ప్రయోగశాలకు చేర్చిన తీరుపై ఆధారపడుతుంది. హైకోర్టు 2017 మార్చి 31న ఆ యువకుడిని నిర్దోషిగా విడుదల చేసి, 2018లో దర్యాప్తును సీబీఐకి అప్పగించింది. అయితే ఆ యువకుడి అప్పీలు హైకోర్టులో పెండింగులో ఉండగానే విజయవాడ కోర్టులోని వస్తుసాక్ష్యాలు, అంటే నేరస్థలంలో స్వాధీనం చేసుకున్న వస్తువులు, ధ్వంసమయ్యాయని తేలింది; ఇది పూడ్చలేని నష్టం. అందుకే 2019 డిసెంబరులో తెనాలిలో మృతదేహాన్ని వెలికితీసి, మళ్లీ పరీక్షలు జరపవలసి వచ్చింది.